తల్లిపాలు: గర్భిణికి తెలిసినవి, ఇంటివారు తెలుసుకోవలసినవి

ప్రతి సంవత్సరం ఆగస్టు 1 నుండి 7వ తేదీ వరకు ప్రపంచమంతటా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. ఇవి 1992లో మొదలయ్యాయి. ఆ వారంలో మేము కూడా గోడలకు బొమ్మలు అంటిస్తాము, గర్భిణులను కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబుతాము. అయితే ఆ మాటలు ఎవరికి చెప్పాలో ఆలస్యంగా తెలుసుకున్నాము. ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

తుళ్లూరు నుండి, చుట్టుపక్కల పల్లెల నుండి పరీక్షలకు వచ్చే గర్భిణులను ఏడో నెల దాటాక మేము ఒక చిన్న ప్రశ్న అడుగుతాము.

“ఏమ్మా, బిడ్డ పుట్టగానే ముందు ఏం పడతారు?”

“తల్లిపాలేనండీ సిస్టరుగారూ. తల్లిపాలే మంచివంటగా.”

“పుట్టిన ఎంతసేపటికి పట్టాలి?”

ఇక్కడ జవాబు ఆగిపోతుంది. అమ్మాయి పక్కనున్న తల్లి వైపో, అత్తగారి వైపో చూస్తుంది. ఆ పెద్దావిడ అందుకుంటుంది. “పాలు పడటానికి మూడు రోజులన్నా పట్టదా అమ్మా? అందాకా పంచదార నీళ్ళో, కాస్త తేనో నాకిస్తాం. ఇది చిన్నపిల్ల, దీనికేం తెలుసు?”

తల్లిపాలు మంచివని తెలియని గర్భిణి మాకు దాదాపుగా కనబడదు. తెలియనివి వేరే ఉన్నాయి. ఎప్పుడు మొదలు పెట్టాలి, మొదటి రోజుల్లో ఎన్ని పాలు చాలు, బిడ్డను రొమ్ముకు ఎలా పట్టాలి అనేవి మూడు. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పురిటి మంచం మీద పడుకున్న మొదటి మూడు రోజులు ఆ అమ్మాయి మాట ఇంట్లో చెల్లదు. కాబట్టి ఆమెకు తెలిస్తే చాలదు, పక్కన ఉండేవారికి కూడా తెలియాలి.

ఆసుపత్రికి వస్తున్నాము, మరి మొదటి గంట?

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో మిషను ఆసుపత్రి ప్రారంభించిన రోజుల్లో స్త్రీలు కాన్పుకు ఆసుపత్రికి రావడమే పెద్ద సంగతి. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది సంతోషించవలసిన విషయం.

కానీ అదే సర్వే దేశం మొత్తం మీద ఇంకొక లెక్క చెప్పింది. నూటికి సుమారు 89 కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతుంటే, పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు నూటికి 42 మందే. అంటే డాక్టరు, నర్సు పక్కన ఉండగానే సగానికి పైగా బిడ్డలకు ఆ మొదటి గంట జారిపోతున్నది. ఇందులో ఆసుపత్రుల తప్పు కూడా ఉంది. మేము కూడా ఒకప్పుడు బిడ్డను తుడిచి, బరువు తూచి, గుడ్డలో చుట్టి బయట బంధువుల చేతికి ఇచ్చేవాళ్ళము. తల్లి వార్డుకు వచ్చేసరికి బిడ్డ నోట్లో పంచదార నీళ్ళు పడి ఉండేవి.

ఒక బిడ్డ సంగతి

కొన్ని సంవత్సరాల క్రితం మిరపకాయ కోతల కాలంలో నలభై రోజుల ఆడబిడ్డను ఒక కుటుంబం మా దగ్గరకు తెచ్చింది. వారం రోజులుగా విరేచనాలు. కళ్ళు లోపలికి పోయి, చర్మం ముడతలు పడి ఉంది. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములున్న బిడ్డ ఆ రోజు 2 కిలోల 600 తూగింది.

తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు మా దగ్గరే పరీక్షలు చేయించుకున్నది. పుట్టింటి వైపు వేరే ఊళ్ళో ఆపరేషన్ ద్వారా కాన్పు అయింది. ‘పాలు పడలేదు’ అని మొదటి రోజు పంచదార నీళ్ళు, రెండో రోజు గాడిదపాలు, మూడో రోజు నుండి డబ్బాపాలు పట్టారు. సీసాకు అలవాటు పడిన బిడ్డ రొమ్ము పట్టలేదు. డబ్బా ఖరీదు ఎక్కువ కాబట్టి పది రోజులకు రావలసిన పొడిని ఇరవై రోజులకు సర్దారు. అంటే బిడ్డ తాగింది చాలావరకు నీళ్ళే.

“నీకు తెలుసు కదమ్మా, మరి ఎందుకిలా జరిగింది?” అని మా సిస్టరు అడిగితే ఆ అమ్మాయి ఏడ్చింది. “తెలుసండీ. మీరు చెప్పిందే చెప్పాను. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే నీ మాట వినమంటావా అన్నారు.”

ఆ ఇంట్లో ఎవరూ బిడ్డకు కీడు కోరలేదు. అమ్మమ్మ రాత్రింబగళ్ళు కూర్చుని సీసా పట్టింది. తప్పు మాది కూడా. మేము చెప్పవలసిన మాటలు ఆ అమ్మాయికి మాత్రమే చెప్పాము, పక్క బల్ల మీద కూర్చున్న అమ్మమ్మకు చెప్పలేదు.

బిడ్డకు నీరసం తగ్గాక సీసా మానిపించాము. ప్రతి రెండు గంటలకు బిడ్డను రొమ్ముకు పట్టి, అది చప్పరిస్తుండగా ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పాలు అందించాము. మొదటి నాలుగైదు రోజులు తల్లికి చుక్కలే వచ్చాయి. రెండు వారాలు దాటేసరికి బిడ్డ ఎక్కువగా తల్లిపాలతోనే కడుపు నింపుకుంటున్నది. ఉగ్గుగిన్నె పట్టుకున్నది ఆ అమ్మమ్మే. అప్పటినుండి మేము గర్భిణితో పాటు పెద్దవారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడుతున్నాము.

‘పాలు పడలేదు’ అనే మాట

ఈ మాటలో సగం నిజం, సగం పొరపాటు. పాలు పొంగి రొమ్ములు బరువెక్కడం కాన్పు అయిన రెండో రోజు నుండి నాలుగో రోజు లోపు జరుగుతుంది. మాయ బయటకు వచ్చాక శరీరంలో జరిగే మార్పుల వల్ల ఇది వస్తుంది. అయితే అంతకు ముందు రొమ్ము ఖాళీగా లేదు. చిక్కగా, పసుపుపచ్చగా ఉండే ముర్రుపాలు గర్భిణిగా ఉన్నప్పటి నుండే తయారవుతాయి. ఇవి కొద్దిగానే వస్తాయి. ఒక్కోసారి బిడ్డకు అందేది చెంచాడు మాత్రమే. పుట్టిన రోజు బిడ్డ పొట్ట కూడా చాలా చిన్నది. ఆ చెంచాడే దానికి సరిపోతుంది.

ముర్రుపాలలో రోగాలను ఎదుర్కొనే పదార్థాలు, విటమిన్ ఎ ఎక్కువగా ఉంటాయి. అవి బిడ్డ పేగులకు లోపలి నుండి పూత పూసినట్లు పనిచేస్తాయి. బిడ్డ నల్లగా జిగటగా వెళ్ళే మొదటి విరేచనం త్వరగా పోవడానికి తోడ్పడతాయి. గేదె ఈనితే జున్నుపాలు దూడకు తాగనిచ్చి, మిగిలినవే మనం తీసుకుంటాము. దూడకు అవి ఎంత అవసరమో రైతు ఇంట్లో అందరికీ తెలుసు. మన బిడ్డ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ‘చీముపాలు’ అని పిండి పారబోసేవారు ఇప్పటికీ ఉన్నారు.

పాలు పెరగడానికి దారి ఒకటే, బిడ్డ చప్పరించడం. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు నుండి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేస్తుంది. ఆక్సిటోసిన్ తయారైన పాలను చేపుకు తెస్తుంది. ఈ ఆక్సిటోసిన్ గర్భసంచిని కూడా బిగించి కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గిస్తుంది. కాబట్టి మొదటి గంటలో పాలు పట్టడం బిడ్డకే కాదు, తల్లికి కూడా రక్షణ. పంచదార నీళ్ళతో పొట్ట నిండిన బిడ్డ చప్పరించదు. చప్పరించకపోతే పాలు రావు. పాలు రావడం లేదని మళ్ళీ నీళ్ళు పడతారు. ఇలా ‘పాలు పడలేదు’ అన్న మాటను మనమే నిజం చేస్తాము.

వెల్లుల్లి, మెంతులు, సొరపిట్టు బాలింతకు పెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు. సంతోషంగా పెట్టండి. కానీ అవి బిడ్డ చప్పరించడానికి బదులు కావు. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదని, ఆకుకూరలు, పండ్లు తినకూడదని కట్టడి చేయడం మాత్రం మంచిది కాదు. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర, పెరుగు అన్నీ తినవచ్చు. దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగాలి. ఐరన్ మాత్రలు కాన్పు అయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి.

ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు

2019–21 సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. ‘కోత పడింది, మూడు రోజులు పాలు ఇవ్వకూడదు’ అనుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. నడుముకు మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ బాగుంటే గంటలోపే బిడ్డను రొమ్ము దగ్గర పెట్టవచ్చు. పూర్తి మత్తు ఇస్తే, తల్లికి తెలివి రాగానే పెట్టవచ్చు. తల్లి ఒక పక్కకు తిరిగి పడుకుంటే బిడ్డ బరువు కుట్ల మీద పడదు. అయితే తల్లి తనంతట తాను కదలలేదు. బిడ్డను అందించి, పట్టుకుని, మళ్ళీ తీసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో కాన్పుకు ముందే అనుకోవాలి. ఆపరేషన్ తర్వాత సాధారణంగా ఇచ్చే మందుల వల్ల బిడ్డకు హాని ఉండదు. అనుమానం ఉంటే డాక్టరును అడగండి, పాలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

మొదటి 6 నెలలు ఇంకేమీ వద్దు

*పంచదార నీళ్ళు:* బలం లేదు, పొట్ట నింపుతాయి. నీళ్ళలో, గిన్నెలో ఉన్న క్రిములు బిడ్డకు చేరతాయి.

*తేనె:* తేనెలో ఉండగల ఒక రకం క్రిమి పసిబిడ్డ నరాలను పడగొట్టే విషాన్ని పుట్టించవచ్చు. సంవత్సరం నిండేవరకు నాకించవద్దు.

*గాడిదపాలు:* వీధిలో పిండి అక్కడే పట్టిస్తారు. కాచని పాలు ఏవైనా ప్రమాదమే. గాడిదపాలలో కొవ్వు కూడా చాలా తక్కువ. ఉబ్బసం రాదు, గొంతు బాగుంటుంది అనే నమ్మకాలకు ఆధారం లేదు.

*ఆముదం, గ్రైప్ వాటర్:* బిడ్డకు అవసరం లేదు.

*మంచినీళ్ళు:* మన గుంటూరు ఎండల్లో బిడ్డ నాలుక ఎండిపోదా అని చాలామంది అడుగుతారు. తల్లిపాలలో నూటికి సుమారు 87 వంతులు నీరే. ఎండ ఎక్కువైతే ఎక్కువసార్లు పాలు పట్టండి, నీళ్ళు తల్లి తాగాలి.

*డబ్బాపాలు:* తల్లి లేని బిడ్డకు, డాక్టరు అవసరమని చెప్పిన బిడ్డకు ఇవి మందు వంటివి. మిగిలినవారికి వద్దు. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం డబ్బాపాలకు, పాలసీసాలకు మన దేశంలో ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచితంగా పంచకూడదు.

పట్టించే వాటం

చనుమొనలు పగిలాయని, బిడ్డ పట్టడం లేదని వచ్చే తల్లులలో చాలామందికి వాటం మార్చితే చాలు. ఇవి గమనించండి.

1. బిడ్డ తల, నడుము ఒకే వరుసలో ఉండాలి. మెడ పక్కకు తిరిగి ఉండకూడదు.
2. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆని ఉండాలి.
3. బిడ్డ నోరు బాగా తెరిచాకే రొమ్ముకు చేర్చాలి. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి.
4. గడ్డం రొమ్ముకు తగలాలి. కింది పెదవి బయటకు తిరిగి ఉండాలి.

రొమ్ములు గట్టిపడి నొప్పిగా ఉంటే పాలు ఆపకూడదు. గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, చేత్తో కొద్దిగా పిండి, బిడ్డకు పట్టాలి. జ్వరం వచ్చి, రొమ్ము ఎర్రబడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

పాలు చాలుతున్నాయా?

బిడ్డ ఏడుపు చూసి లెక్క కట్టవద్దు. బిడ్డ తడి, చెమ్మ, ఉక్క, ఒంటరితనం అన్నింటికీ ఏడుస్తుంది. మూత్రం లెక్క చూడండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు పోస్తే బాగున్నట్లే. ఐదారు రోజుల నుండి రోజుకు 6 సార్లు, అంతకంటే ఎక్కువ పోయాలి. రాత్రి పగలు కలిపి 8 నుండి 12 సార్లు పాలు పట్టాలి. మొదటి రోజుల్లో బిడ్డ కొద్దిగా బరువు తగ్గడం సహజం. పది పద్నాలుగు రోజులకు పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. రాకపోతే, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోతే, మూత్రం తగ్గితే, పసిరికలు కాళ్ళ వరకు కనబడితే వెంటనే తీసుకురండి. అలాంటప్పుడు ‘చూద్దాంలే’ అనుకోవద్దు.

కోతలకు వెళ్ళే తల్లికి

పత్తితీతలు, మిరపకాయ కోతలు మన ఆడవారి చేతుల మీదనే నడుస్తాయి. 2015లో రాజధాని కోసం తుళ్లూరు ప్రాంతంలో భూసమీకరణ జరిగినప్పటి నుండి ఆటోలెక్కి దూరపు పొలాలకు వెళ్ళే కూలీలు కూడా ఉన్నారు. పది మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో ఉద్యోగం చేసే తల్లికి 2017 నుండి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. కూలికి వెళ్ళే తల్లికి ఆ సెలవు ఇవ్వవలసింది ఇంటివారే. ఎన్ని నెలలు ఇవ్వగలిగితే అన్ని నెలలు ఇవ్వండి.

తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే, వెళ్ళేముందు పాలు పట్టి, తర్వాత శుభ్రమైన స్టీలు గిన్నెలోకి చేత్తో పిండి మూతపెట్టి ఉంచవచ్చు. ఎండాకాలంలో రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్‌లో పెడితే ఆ రోజంతా వాడుకోవచ్చు. కాచవద్దు, గిన్నెను వేడినీళ్ళలో పెట్టి చలి విరిస్తే చాలు. నీళ్ళలో మరగించిన ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసా వద్దు. పొలంలో ఉన్నప్పుడు కూడా రొమ్ములు బరువెక్కితే పిండేయాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి.

మిరప కోసిన చేతులతో బిడ్డను తాకవద్దు. మంట నీళ్ళతో పోదు. ముందు చేతులకు నూనె రాసి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. మందు కొట్టిన చేలో పనిచేస్తే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పాలు ఇవ్వాలి. పాలిచ్చే తల్లి మందు కొట్టే పనికి వెళ్ళకపోవడమే మేలు.

తల్లికి జబ్బు ఉంటే

జలుబు, జ్వరం, విరేచనాలు ఉన్నా పాలు ఇవ్వవచ్చు. క్షయకు మందులు వాడే తల్లి కూడా డాక్టరు సలహాతో ఇవ్వవచ్చు. హెచ్‌ఐవీ ఉన్న తల్లి గురించి భయం ఇంకా ఉంది. ఇప్పుడు ఏఆర్‌టీ మందులు ప్రతిరోజూ మానకుండా వాడే తల్లి పాలు ఇవ్వవచ్చు. బిడ్డకు కూడా డాక్టరు చెప్పిన మందు పట్టాలి. మొదటి 6 నెలలు తల్లిపాలతో పాటు వేరే పాలు కలిపి ఇవ్వకూడదు. చనుమొనలు పగిలితే వెంటనే చెప్పాలి. మీరు మాతో చెప్పిన సంగతి మా దగ్గరే ఉంటుంది. పాలు అసలు ఇవ్వకూడని జబ్బులు, మందులు చాలా తక్కువ. అవి డాక్టరు చెబుతారు.

కాన్పుకు ముందే మాట్లాడుకోండి

ఏడో నెల పరీక్షకు గర్భిణిని ఒంటరిగా పంపకండి. పురిటి దగ్గర ఉండబోయేవారు, అమ్మ అయినా, అత్తగారైనా, భర్త అయినా వెంట రండి. ఈ ఐదు మాటలు అందరూ కలిసి అనుకోండి.

1. కాన్పు గదిలో, ఆపరేషన్ అయినా సరే, బిడ్డను గంటలోపు రొమ్ముకు పెట్టమని మేమే అడుగుతాము.
2. బిడ్డను చూడటానికి వచ్చినవారు ఎవరూ నోట్లో ఏమీ వేయరు.
3. మొదటి మూడు రోజులు ఒకరు తల్లి పక్కనే ఉండి బిడ్డను అందిస్తారు.
4. పాలు చాలడం లేదనిపిస్తే డబ్బా కొనేముందు నర్సును పిలుస్తాము.
5. 6 నెలల వరకు తల్లిపాలే. తర్వాత మెత్తని అన్నం, పప్పు, గుడ్డు మొదలుపెట్టి, రెండేళ్ళ వరకు, ఆపైన కూడా పాలు కొనసాగిస్తాము.

పెద్దవారికి మా మనవి ఒకటే. బిడ్డ ఏడిస్తే తట్టుకోలేని మనసు మీది. ఆ మనసుతోనే పంచదార గిన్నె పక్కన పెట్టి, బిడ్డను ఎత్తి మీ అమ్మాయి రొమ్ముకు చేర్చండి. తల్లి తలకింద దిండు సర్దండి, గ్లాసుడు నీళ్ళు అందించండి, “పడతాయిలే అమ్మా, పట్టు” అని ఒక్క మాట చెప్పండి. ఆ మూడు రోజుల్లో తల్లికి అన్నింటికంటే కావలసినది మీ తోడే.